మైకేల్ బల్లాక్‌ను "పాపం" అనడం ఇకనైనా ఆపుదామా?

పదమూడో చొక్కా

మొన్న ఒక మిత్రుడితో మాటల్లో జర్మన్ ఫుట్‌బాల్ ఆటగాడు బల్లాక్ ప్రస్తావన వచ్చింది. "పాపం, మంచి ఆటగాడే కానీ ఏదీ గెలవలేదు" అన్నాడు. ఆ "పాపం" అనే మాట ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఇక ఊరుకోలేక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా ఏమీ గెలవలేదన్న మాట సంగతి చూద్దాం. జర్మన్ లీగ్ నాలుగు సార్లు గెలిచాడు: 1998లో కైజర్స్లాటర్న్‌తో ఒకసారి, 2003, 2005, 2006లలో బయర్న్ మ్యూనిక్‌తో మూడుసార్లు. బయర్న్‌తో ఆ మూడేళ్లూ జర్మన్ కప్పు కూడా తీసుకున్నాడు. చెల్సీకి వెళ్లాక ఎఫ్‌ఏ కప్పు మూడు సార్లు, లీగ్ కప్పు ఒకసారి, 2010లో ప్రీమియర్ లీగ్. జాతీయ జట్టుకు 98 మ్యాచ్‌లు, 42 గోల్స్. ఇవి ఫార్వర్డ్ గోల్స్ కావు, మిడ్‌ఫీల్డర్ చేసిన గోల్స్.

ఓడిన ఫైనల్స్ ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఫైనల్స్ దాకా జట్టును మోసుకొచ్చింది ఎవరు? 2002 జూన్ 25, సియోల్. మన దగ్గర సాయంత్రం అయిదు గంటలకు మొదలైంది. హాస్టల్ టీవీ గదిలో కుర్చీలు చాలక నేల మీద కూర్చుని చూశాను. ప్రపంచకప్ సెమీఫైనల్, స్టేడియం అంతా కొరియా ఎరుపు. 71వ నిమిషంలో లీ చున్ సూ బంతి తీసుకుని జర్మనీ పెనాల్టీ పెట్టె వైపు దూసుకొస్తున్నాడు. వెనక నుంచి బల్లాక్ పరుగెత్తుకొచ్చి అతన్ని పడగొట్టాడు. రెఫరీ పసుపు కార్డు తీశాడు. అంతకుముందే ఒక కార్డు ఉంది కాబట్టి జర్మనీ గెలిచినా ఫైనల్లో అతను ఆడకూడదు. ఆ సంగతి అతనికి తెలుసు. గదిలో ఉన్న మాకూ తెలుసు.

నాలుగే నిమిషాలు గడిచాయి. కుడివైపు నుంచి నోయ్‌విల్ బంతి ఇచ్చాడు. బల్లాక్ కుడికాలితో కొట్టాడు, గోల్‌కీపర్ ఆపాడు. తిరిగొచ్చిన బంతిని ఎడమకాలితో వలలోకి పంపాడు. 1-0. తాను ఆడలేని ఫైనల్‌కు తన జట్టును పంపాడు. దీన్ని చూసి పాపం అంటారా? నాకైతే ఆటలో ఇంతకన్నా పెద్ద పని ఇంకొకటి కనిపించదు.

గోల్కొండ గోల్‌కీపర్

మీ అభిమానాన్ని గౌరవిస్తాను. కానీ ఒకవైపే చూస్తున్నారు.

2000 మే 20ని ఎందుకు వదిలేశారు? అప్పట్లో బల్లాక్ ఆడుతున్న లెవర్కూసెన్ క్లబ్‌కు లీగ్ చివరి రోజు ఒక్క డ్రా చాలు, క్లబ్ చరిత్రలో మొదటి లీగ్ టైటిల్ వచ్చేస్తుంది. ఎదురుగా ఉన్నది మ్యూనిక్ శివార్లలోని ఉంటర్‌హాకింగ్ అనే చిన్న జట్టు. 21వ నిమిషంలో గోల్ ముందుకొచ్చిన బంతిని బయటకు తన్నబోయి బల్లాక్ సొంత వలలోకే పంపాడు. తర్వాత ఇంకో గోల్ పడి 2-0తో ఓడారు. అక్కడ బయర్న్ తన మ్యాచ్ గెలిచింది. ఇద్దరికీ 73 పాయింట్లే, గోల్స్ తేడాలో కప్పు బయర్న్‌కు పోయింది.

ఆ ఒక్క సెల్ఫ్ గోల్ వల్లే అంతా పోయిందని అనను, మిగిలిన పది మంది ఏం చేస్తున్నారు అనేదీ ప్రశ్నే. అయినా అతను ఉన్న జట్లు చివరి మెట్టు దగ్గర తడబడడం ఒకసారి జరిగింది కాదు. 2000, 2002, 2006, 2008. ఇన్నిసార్లు జరిగితే కారణం వెతకాలి కదా.

కెమ్నిట్స్ నుంచి

ఈ చర్చ చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే నేను ఉంటున్నది బల్లాక్ పెరిగిన ఊళ్లోనే. ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో మన తెలుగువాళ్లు చాలామందిమి చదువుతున్నాం.

అతను పుట్టింది పోలండ్ సరిహద్దులోని గోర్లిట్స్ పట్టణంలో, 1976 సెప్టెంబరు 26న. పెరిగింది ఈ ఊళ్లో. అప్పుడు దీని పేరు కార్ల్ మార్క్స్ స్టాడ్ట్, దేశం తూర్పు జర్మనీ. 1990లో పాత పేరు కెమ్నిట్స్ తిరిగి వచ్చింది. నగరం నడిబొడ్డున మార్క్స్ తల విగ్రహం ఇప్పటికీ ఉంది. మొండెం లేదు, ఏడు మీటర్ల కంచు తల మాత్రమే, రాతి దిమ్మె మీద. వెనక ఉన్న భవనం గోడ మీద ప్రపంచ కార్మికులారా ఏకంకండి అన్న పిలుపు నాలుగు భాషల్లో చెక్కి ఉంటుంది. శీతాకాలంలో మంచు ఆ నుదుటి మీద, గడ్డం మడతల్లో పేరుకుంటుంది. ట్రామ్ కోసం నిలబడినప్పుడల్లా అనుకుంటాను, చంకలో బంతి పెట్టుకుని ఆ పిల్లవాడు కూడా ఈ తల ముందు నుంచి ఎన్నిసార్లు నడిచి ఉంటాడో అని.

బెర్లిన్ గోడ కూలినప్పుడు అతనికి పదమూడేళ్లు. చిన్నపిల్లల్లోంచి ఆటగాళ్లను ఏరి క్రీడా పాఠశాలల్లో పెట్టి తీర్చిదిద్దే పాత తూర్పు జర్మనీ పద్ధతిలో మొదలై, ఆ దేశమే లేకుండా పోయాక కెమ్నిట్స్ క్లబ్‌లో వృత్తి ఆటగాడయ్యాడు. ఇక్కడ అతన్ని చిన్న కైజర్ అనేవాళ్లు. కైజర్ అంటే జర్మనీ ఫుట్‌బాల్ దిగ్గజం బెకెన్‌బావర్. అంత పేరు ఒక కుర్రవాడికి పెట్టారంటే అప్పుడే ఏం చూశారో ఆలోచించండి. 1996లో ఆ క్లబ్ రెండో డివిజన్ నుంచి కిందికి జారింది. ఏడాది తర్వాత ఇతను కైజర్స్లాటర్న్‌కు వెళ్లాడు.

తూర్పు నుంచి వచ్చి మొత్తం జర్మనీకి కెప్టెన్ కావడం ఇక్కడివాళ్లకు ఎంత పెద్ద విషయమో బయటివాళ్లకు తేలిగ్గా అర్థం కాదు. గోడ పడిపోయాక ఇక్కడ కర్మాగారాలు మూతపడ్డాయి, యువకులు పడమటికి వెళ్లిపోయారు. అలాంటి చోటు నుంచి వెళ్లినవాడు చేతికి ఆ పట్టీ కట్టుకున్నాడు. ఓడిన ఫైనల్స్ లెక్క ఇక్కడ ఎవరూ తీయరు.

తొంభయ్యో నిమిషం

కైజర్స్లాటర్న్ 1998 గురించి ఎవరైనా రాస్తారని చూశాను. అంతకుముందు ఏడాదే రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన జట్టు, వచ్చిన వెంటనే లీగ్ గెలిచింది. జర్మనీలో అంతకుముందు జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు. కోచ్ ఒట్టో రెహాగెల్, ఆరేళ్ల తర్వాత గ్రీస్‌కు యూరో కప్పు తెచ్చిపెట్టింది ఆయనే. బల్లాక్ ఆ సీజన్‌లో ఎక్కువ ఆడలేదు, కుర్రవాడు. కానీ మొదటి ఏడాదే అంతటి అద్భుతంలో భాగమైనవాడిని దురదృష్టవంతుడు అనడం నాకు ఎబ్బెట్టుగా ఉంది.

నల్గొండ మాస్టారు

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. పాఠశాల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. గెలుపు ఓటముల లెక్క మీరు చూసుకోండి, నేను ఆట గురించి మాట్లాడతాను.

బల్లాక్‌లో నేను పిల్లలకు చూపించేది మూడు సంగతులు. మొదటిది రెండు కాళ్లు. చాలామంది పెద్ద ఆటగాళ్లకు కూడా ఒక కాలు ఆడేందుకు, రెండోది నిలబడేందుకు. ఇతనికి ఆ తేడా దాదాపు కనిపించదు. పైన చెప్పిన కొరియా గోల్ మళ్లీ చూడండి. మొదటి దెబ్బ కుడికాలిది, రెండోది ఎడమకాలిది. మధ్యలో బంతిని సర్దుకోవడానికి ఒక్క అడుగు కూడా వృథా కాలేదు. ఒంటికాలి ఆటగాడైతే బంతిని తన కాలి వైపు తిప్పుకునేవాడు, ఆ లోపల డిఫెండర్ వచ్చేసేవాడు.

రెండోది పెట్టెలోకి వచ్చే వేళ. ఫార్వర్డులు ముందే అక్కడ ఉంటారు, డిఫెండర్లు వాళ్లను పట్టుకుని ఉంటారు. బల్లాక్ వెనక ఆగుతాడు. బంతి పక్కకు వెళ్లేదాకా నడుస్తూనే ఉంటాడు. క్రాస్ చేసేవాడు తల ఎత్తిన క్షణంలో పరుగు అందుకుంటాడు. అప్పటికి అతన్ని చూసుకోవలసినవాడు బంతినే చూస్తుంటాడు. మా పిల్లలకు నేను పదే పదే చెప్పే మాట ఒకటే, ముందు చేరినవాడు కాదు, సమయానికి చేరినవాడు గోల్ కొడతాడు.

మూడోది తల. ఆరడుగులు దాటిన మనిషి, ఎగిరే ముందు ఒక్క క్షణం ఆగి మెడ బిగిస్తాడు. 2002 క్వార్టర్‌ఫైనల్లో అమెరికా మీద త్సీగె ఫ్రీ కిక్‌కు కొట్టిన హెడర్ చూడండి. ఆ రోజు అమెరికా జర్మనీ కన్నా బాగా ఆడింది, ఇది ఒప్పుకోవాలి. గెలిపించింది మాత్రం ఆ ఒక్క హెడరే.

ఎర్ర చొక్కా 99

కొత్త సభ్యుణ్ని. ఒక సందేహం అడగవచ్చా? సెమీఫైనల్లో వచ్చిన పసుపు కార్డుకు ఫైనల్ ఎందుకు పోవాలి? ఇప్పుడలా జరగడం లేదు కదా.

పదమూడో చొక్కా

@ఎర్ర చొక్కా 99, తప్పకుండా అడగండి తమ్ముడూ. అప్పటి నియమం ప్రకారం నాకౌట్ దశలో రెండు వేర్వేరు మ్యాచ్‌ల్లో రెండు పసుపు కార్డులు వస్తే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు, సెమీఫైనల్ అయినా సరే. 2010 ప్రపంచకప్ నుంచి క్వార్టర్‌ఫైనల్స్ అయ్యాక పాత కార్డులు చెరిపేస్తున్నారు. సెమీఫైనల్లో రెడ్ కార్డు వస్తే తప్ప ఫైనల్ పోదు. ఈ నియమం ఎనిమిదేళ్ల ముందే ఉండి ఉంటే యోకహామాలో బ్రెజిల్ ఎదుట బల్లాక్ ఉండేవాడు. అతని స్థానంలో యెరెమీస్ ఆడాడు. జర్మనీ ఆ రోజు తక్కువేమీ ఆడలేదు, గోల్‌కీపర్ కాన్ చేతిలోంచి బంతి జారేదాకా 0-0. అందుకే నాకు ఇప్పటికీ బాధ.

@గోల్కొండ గోల్‌కీపర్ గారూ, 2002 క్లబ్ సీజన్‌ను కూడా మీ పద్దులో వేశారు, సరే. లెవర్కూసెన్ మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా అయిదు పాయింట్ల ఆధిక్యంలో ఉండి, ఒక్క పాయింట్ తేడాతో డోర్ట్‌మండ్‌కు లీగ్ వదులుకుంది. తర్వాత వారం జర్మన్ కప్ ఫైనల్లో షాల్కే చేతిలో 4-2. మే 15న గ్లాస్గోలో చాంపియన్స్ లీగ్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో 2-1, జిదాన్ ఎడమకాలి వాలీ. పది, పన్నెండు రోజుల్లో మూడూ పోయాయి. కానీ ఆ సీజన్ లీగ్‌లో బల్లాక్ కొట్టినవి 17 గోల్స్. చాంపియన్స్ లీగ్ క్వార్టర్‌ఫైనల్లో లివర్‌పూల్ మీద 4-2 గెలిచిన రాత్రి రెండు గోల్స్ అతనివే. బయర్, రియల్, బార్సిలోనా లాంటి కోట్ల జీతాల జట్టు కాదు లెవర్కూసెన్, ఒక మందుల కంపెనీ ఊరి జట్టు. మూడు కప్పుల అంచుకు రావడమే నమ్మలేని సంగతి.

ఇంకొకటి. అసలు జర్మనీ 2002 ప్రపంచకప్‌కు వెళ్లిందే అతని వల్ల. 2001 నవంబరులో ఉక్రెయిన్‌తో ప్లేఆఫ్. అర్హత సాధించకపోతే ఆ దేశ ఫుట్‌బాల్‌కు అంతకన్నా అవమానం ఉండదు. కీవ్‌లో 1-1, గోల్ బల్లాక్‌ది. డోర్ట్‌మండ్‌లో 4-1, నాలుగో నిమిషంలోనే తలుపు తెరిచింది బల్లాక్. ఆ రాత్రి ఇంకొకటి కూడా కొట్టాడు.

పదమూడో చొక్కా

పై సందేశంలో బయర్న్ అనబోయి బయర్ అని రాశాను. లెవర్కూసెన్ పేరే బయర్ కాబట్టి అర్థం మారిపోయింది. మన్నించండి.

చెల్సీ నీలం

ఆ కాలంలో లెవర్కూసెన్‌ను అందరూ ఎప్పటికీ రెండోవాళ్లే అని ఎగతాళి చేసేవారు. ఆ పేరు 2024లో చెరిగింది, ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా మొదటి టైటిల్ గెలిచారు. ఆ రోజు నాకు ముందు గుర్తొచ్చింది 2002 జట్టే. బల్లాక్, ష్నైడర్, నోయ్‌విల్, రామెలోవ్. వీళ్లలో ష్నైడర్, నోయ్‌విల్, రామెలోవ్ ప్రపంచకప్ ఫైనల్ కూడా ఆడి ఓడారు. ఒక్క వేసవిలో నాలుగు.

ఇక నేను మాట్లాడేది చెల్సీ గురించి. 2006లో వచ్చాడు, 13వ నంబరు కోసం గల్లాస్ దగ్గరున్న చొక్కాను అతనికి ఇచ్చారు. 2007లో చీలమండ దెబ్బతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. చాలామంది అతని పని అయిపోయిందన్నారు. తిరిగొచ్చాక 2008 ఏప్రిల్‌లో స్టామ్‌ఫోర్డ్ బ్రిడ్జ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద రెండు గోల్స్, రెండోది 86వ నిమిషంలో పెనాల్టీ. ఆ ఒత్తిడిలో అంత నిబ్బరంగా పరుగు తీసినవాణ్ని నేను తక్కువగా చూశాను.

మే 21, మాస్కో. చాంపియన్స్ లీగ్ ఫైనల్, ఎదురుగా మళ్లీ యునైటెడే. మనకు అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారుజామున ముగిసింది. మా ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు, నేను శబ్దం తగ్గించుకుని చూశాను. పెనాల్టీలకు వచ్చింది. చెల్సీ తరఫున మొదట వెళ్లింది బల్లాక్, కొట్టాడు. టెర్రీ కాలు జారింది, బంతి స్తంభానికి తగిలింది. తర్వాత అనెల్కాది యునైటెడ్ గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ ఆపాడు. బల్లాక్ చేయవలసింది బల్లాక్ చేశాడు. దాన్నీ అతని ఖాతాలో ఓటమిగా రాస్తున్నాం.

2009లో బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మాట ఎత్తకుండా ఉండలేను. ఇనియెస్టా 93వ నిమిషంలో సమం చేశాక, చివరి క్షణాల్లో బల్లాక్ కొట్టిన బంతి బార్సిలోనా ఆటగాడు శామ్యూల్ ఎటో చేతికి తగిలింది. రెఫరీ ఊదలేదు. బల్లాక్ ఆ రెఫరీ పక్కనే, ముఖంలో ముఖం పెట్టి కేకలు వేస్తూ పరుగెత్తాడు. క్రమశిక్షణ లేదని తిట్టినవాళ్లున్నారు. నాకు మాత్రం ఏళ్ల తరబడి మింగినదంతా ఆ పరుగులో బయటికి వచ్చిందనిపించింది.

గోల్కొండ గోల్‌కీపర్

మీ అందరి సందేశాలూ శ్రద్ధగా చదివాను. ఉక్రెయిన్ సంగతి నేను మరచిపోయిన మాట నిజం, దానికి తల వంచుతున్నాను.

కానీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 2010 మే 15న ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో పోర్ట్స్‌మత్ ఆటగాడు కెవిన్ ప్రిన్స్ బోవటెంగ్ తన్నిన తన్నుకు చీలమండ లిగమెంటు తెగింది, బల్లాక్ ప్రపంచకప్‌కు వెళ్లలేదు. ఏం జరిగింది? అతని స్థానంలో ఖెదీరా వచ్చాడు, ష్వైన్‌స్టైగర్ మధ్యలో నిలబడ్డాడు, ఒజిల్ ముందు ఆడాడు. ఇంగ్లండ్ మీద 4-1, అర్జెంటీనా మీద 4-0. జర్మనీ అంత అందంగా ఆడడం నా జీవితంలో అదే మొదటిసారి చూశాను. అందరూ ఒక్క మనిషి వైపు చూసే జట్టు పోయి, పదకొండు మందీ బాధ్యత పంచుకునే జట్టు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత కప్పు కూడా గెలిచింది. బల్లాక్ గొప్ప ఆటగాడు, సందేహం లేదు. అతని చుట్టూ కట్టిన జట్టు పద్ధతికి మాత్రం ఒక హద్దు ఉండేది. నా మాట ఇంతే.

నల్గొండ మాస్టారు

గోల్కొండ గారి మాటలో సగం నిజముంది. మా జిల్లా పోటీల్లో కూడా చూస్తుంటాను, ఒక్క మంచి ఆటగాడు ఉన్న జట్టులో మిగతా పిల్లలు బంతి రాగానే అతనికే ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అది ఆ పిల్లవాడి తప్పు కాదు, నేర్పేవాళ్ల తప్పు.

కానీ కాలం కూడా చూడాలి. 2000 యూరోలో జర్మనీ గ్రూపులోనే చివరి స్థానంలో నిలిచి ఇంటికెళ్లింది. ఆ తర్వాతే యువ ఆటగాళ్ల కోసం దేశమంతా శిక్షణ కేంద్రాలు పెట్టారు. ఆ పంట చేతికి రావడానికి పదేళ్లు పట్టింది, 2010లో మీరు చూసి మురిసింది ఆ పంటనే. విత్తిన రోజుకూ కోసిన రోజుకూ మధ్య ఇంటిని నడిపింది ఎవరు? కాన్, బల్లాక్, ఫ్రింగ్స్, క్లోసె. 2006 క్వార్టర్‌ఫైనల్లో అర్జెంటీనా మీద సమం చేసిన గోల్‌కు క్రాస్ ఇచ్చింది బల్లాక్. అదనపు సమయంలో కుంటుతూనే మైదానంలో ఉండి, పెనాల్టీ కూడా కొట్టాడు.

కెమ్నిట్స్ నుంచి

మాస్టారూ, ఆ పోలిక ఇక్కడి మిత్రులకు జర్మన్‌లో చెప్పాను. మా గదికి ఎదురింటి పెద్దాయన, డెబ్బై దాటినవారు, చాలాసేపు తల ఊపి చివరికి ఒక్క తేదీ చెప్పారు: 2008 జూన్ 16. వియన్నాలో ఆస్ట్రియా మీద బల్లాక్ ఫ్రీ కిక్. ఓడితే యూరో నుంచి ఇంటికే. దాదాపు ముప్పై మీటర్ల నుంచి, బంతి గాలిలో వంకర తిరగలేదు, గీత గీసినట్టు వెళ్లి పైమూలలో పడింది. ఆ గోల్ గురించి చెబుతూ ఆయన తన కుడికాలిని కుర్చీ కింద కదిలించారు.

క్వార్టర్‌ఫైనల్లో పోర్చుగల్ మీద హెడర్ కూడా బల్లాక్‌దే. స్పెయిన్‌తో ఫైనల్‌కు పిక్క నొప్పితోనే దిగాడు, కనుబొమ్మ చిట్లి రక్తం కారుతుంటే ఆడాడు. టోరెస్ గోల్‌తో 1-0తో ఓడారు.

పదమూడో చొక్కా

నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది ఏ ఫైనలూ కాదు, ముగింపు. 2010 మేలో కప్పుల జోడి గెలిచిన వారంలోనే కాలు పోయింది, ప్రపంచకప్ పోయింది, చెల్సీ ఒప్పందం కొనసాగించలేదు. జులైలో అతను ఇంకా గాయంతో ఉండగానే, తాత్కాలిక కెప్టెన్ ఫిలిప్ లామ్ ఆ పట్టీని తానే ఉంచుకోవాలని ఉందని బహిరంగంగా చెప్పాడు. లామ్ గొప్ప ఆటగాడు, అతనికి ఆ కోరిక ఉండడంలో తప్పు లేదు. అది చెప్పిన వేళ మాత్రం సరైనది కాదని ఇప్పటికీ అంటాను. బల్లాక్ లెవర్కూసెన్‌కు తిరిగి వెళ్లాడు. 2011 జూన్‌లో కోచ్ లోవ్ ఇక పిలవబోమని ప్రకటించాడు. వీడ్కోలుగా బ్రెజిల్‌తో స్నేహపూర్వక మ్యాచ్ ఇస్తామన్నారు. వద్దన్నాడు. అందుకే లెక్క 98 దగ్గర ఆగింది. ఇంకో ఆటగాడైతే అంకె కోసం సర్దుకునేవాడు.

గోల్కొండ గారూ, జట్టు పద్ధతి గురించి మీరన్నది ఒప్పుకుంటాను. 2010 జట్టు అందమైనదే. కానీ డర్బన్‌లో స్పెయిన్‌తో సెమీఫైనల్లో పుయోల్ హెడర్ కొట్టిన కార్నర్ గుర్తుందా? అంత ఎత్తు నుంచి తలతో బంతిని తీసే మనిషి ఆ పెట్టెలో ఉండి ఉంటే అన్న ఆలోచన నాకు ఆ రాత్రి నుంచి పోలేదు.

గోల్కొండ గోల్‌కీపర్

ఆ కార్నర్ నాకూ గుర్తుంది. గోల్‌కీపర్‌గా ఆడినవాణ్ని కాబట్టి అలాంటి బంతి వచ్చినప్పుడు ముందు ఎవరు నిలబడ్డారో చూసుకోవడం అలవాటు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఒక్కటీ మీదే.

నల్గొండ మాస్టారు

ఈ శనివారం సాయంత్రం పిల్లలకు సియోల్ మ్యాచ్ చివరి ఇరవై నిమిషాలు చూపిస్తున్నాను. 71వ నిమిషం నుంచి మొదలుపెడతాను. ఆ ఫౌల్ చేయాలా వద్దా అని ముందు వాళ్లనే అడుగుతాను, వాళ్లేమన్నారో ఆదివారం ఇక్కడ రాస్తాను. డోర్ట్‌మండ్‌లో ఉక్రెయిన్‌తో ఆడిన మ్యాచ్ పూర్తి వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, దాన్ని వచ్చే వారానికి ఉంచుతాను.